గోటి మీది నలుపు

మా మనవరాలు మొయినాబాద్‌లో ఇంజినీరింగు చదువుతుంది. ఆదివారం ప్రార్థన అయ్యాక అన్నం తిని, మంచం మీద బోర్లా పడుకుని ల్యాప్‌టాప్‌లో జపాను బొమ్మల సినిమాలు చూస్తుంది. చిన్నపిల్లల కోసం తీసినవి అనుకునేదాన్ని. కావు. మొన్న పక్కన కూర్చుని ఒకటి చూశాను. అందులో ఒక ముఠా ఉంది. ఆ ముఠా కొందరు పిల్లలను తెచ్చి పెంచుతుంది. ఆ పిల్లలు ఎదుటివాళ్ల తలలోకి దూరి, లేనిది ఉన్నట్టు, చేయనిది చేసినట్టు అక్కడ పెట్టి రాగలరు. ముఠా వాళ్లు వాళ్లతో దొంగతనాలు చేయిస్తారు, మనుషులను చంపిస్తారు. ఒక ఆడపిల్లను అద్దాల గదిలో ఉంచుతారు. అన్నం తెచ్చే మనిషి కూడా ఆ పిల్ల ముఖం చూడడు. గిన్నె కింద పెట్టి, తల తిప్పుకుని వెళ్లిపోతాడు.

అక్కడ నేను "ఇగ ఆపు" అన్నాను.

"ఏమైందమ్మమ్మా, భయమైతున్నదా?"

"భయం గాదు. ఈ పోరి నాకు ఎరుకే."

అది పడీపడీ నవ్వింది. "గిది జపానుదే. నీకెట్ల ఎరుక?"

నోటితో చెప్తే నాకు కోపం వస్తుంది, మధ్యలో లేచిపోతాను. అందుకే రాస్తున్నాను. నేను అక్షరాలు నేర్చుకున్నది ముప్పై అయిదు దాటాక. చేతిరాత బాగుండదు. చదివేవాళ్లు సర్దుకోవాలి.

అరవై తొమ్మిదిలో నాకు పదేళ్లు ఉంటాయి. బాప్తిస్మం పుస్తకంలో పుట్టిన రోజు రాసి ఉంటుందంటారు గాని నేను ఎన్నడూ చూడలేదు. మా ఊరు చేవెళ్లకూ మొయినాబాద్‌కూ నడుమ. మా అమ్మ నాకు నాలుగేళ్లప్పుడు జ్వరంతో పోయింది. మా బాపు పటేలు దగ్గర జీతం ఉండేవాడు, అంటే పాలేరు. పొద్దున వెళ్తే చీకటి పడ్డాకే రాక.

నేను ఎదురుకాళ్లతో పుట్టాను. అంటే తలకు బదులు కాళ్లు ముందు వచ్చాయి. అట్లా పుట్టినవాళ్లు తన్నితే నడుము పట్టు వదులుతుందని మా దిక్కు నమ్మకం. అందుకని ఊళ్లో ఎవరికి నడుము పట్టినా మా గుడిసె ముందుకు వచ్చి వంగి నిలబడేవాళ్లు. నేను తన్నేదాన్ని. ఇదంతా సాతాను పని అని ఆదివారం మా చర్చి గుళ్లో చెప్పిన పెద్దమనిషి, మంగళవారం నాడు వీపు పట్టుకుని వచ్చాడు. "జర మెల్లగ తన్నే, ఎవలకు చెప్పకు" అన్నాడు. ఆయనను మాత్రం గట్టిగానే తన్నాను.

ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లకు అంజనం కనిపిస్తుందని కూడా నమ్మకం. చేవెళ్లలో అంజనం వేసే ఒకాయన ఉండేవాడు. నా సంగతి విని వచ్చి మా బాపును అడిగాడు. "కడుపు నిండ తిండి పెడుత. ఐతారం ఇంటికి తోల్త." మా బాపు నన్ను అడగలేదు. తిండి మాట విన్నాక నేను కూడా ఏమీ అనలేదు.

అంజనం అంటే తెలియనివాళ్లకు చెప్తాను. ఆముదం దీపం మసి పట్టి, దాన్ని ఆముదంతోనే నూరి, పిల్ల బొటనవేలి గోటి మీద మందంగా రాస్తారు. ఎండలో కూర్చోబెట్టి ఆ నల్లటి గోటిలోకి చూడమంటారు. పోయిన వస్తువు ఎక్కడుందో, ఎవరు తీశారో అందులో కనిపించాలి. మొదలుపెట్టే ముందు ఆయన ప్రతిసారీ చుట్టూ ఉన్న జనంతో ఒక మాట చెప్పేవాడు. "తప్పు చేసినోళ్లెవలన్న ఉంటే దూరం జరుగుండ్రి. దొంగ నీడ పడితే గోరు నల్లగయితది, ఏం కనవడది." పాస్టరు చివరికి ఆమెన్ అన్నట్టు, ఈయన మొదట ఈ మాట అనేవాడు. వినీ వినీ నా చెవికి ఎక్కేది కాదు.

తరువాత నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని అడిగేవాడు.

"మైదానం కనవడుతున్నదా?"

"కనవడుతున్నది."

"ఊడ్చెటాయన వచ్చిండా?"

"రాలే."

"మంచిగ చూడు. చీపురు వట్టుకొని వస్తలేడా?"

"వచ్చిండు."

"నీళ్లు జల్లెటాయన?"

ఊడ్చేవాడు, నీళ్లు చల్లేవాడు, చాప పరిచేవాడు, ఆఖరుకు చాప మీద కూర్చునే స్వామి. స్వామి వచ్చాక ఆయనను అడగాలి. నేను నటించానని అనుకోకండి. నాకు కనిపించేవాళ్లు. చీపురు చప్పుడు కూడా వినిపించేది. ఎండలో కదలకుండా కూర్చున్న పిల్లను ఒకే మాట ఏడుసార్లు మెత్తగా అడిగితే, ఆ మాట కళ్ల ముందు నిలబడుతుంది. దానికి ఏ శక్తీ అక్కర్లేదు.

ఆ ఏడు తెలంగాణ కోసం పెద్ద గొడవ. పట్నంలో కాల్పులని చెప్పుకునేవాళ్లు. బస్సులు నడిస్తే నడిచేవి, లేకుంటే లేదు. రోడ్డు మీద బండలు పెట్టి, బడులు మూతబడ్డ పెద్ద పిల్లలు కాపలా కూర్చునేవాళ్లు. గోడల నిండా ఏవో రాశారు. నేను చదవలేను. పోలీసులంతా పట్నంలోనే ఉండిపోయారు. పల్లెల్లో ఏది పోయినా చెప్పుకోవడానికి ఠాణా లేదు. అందుకే ఆ ఏడు అంజనానికి గిరాకీ పెరిగింది. ఎక్కువగా పోయింది ఎడ్లు.

చేవెళ్ల సంతలో పశువుల బేరం చేసే ముగ్గురు మనుషులు అంజనమాయన ఇంటికి వచ్చేవాళ్లు. అరుగు మీద చాయ తాగుతూ ఆయనతో మెల్లగా మాట్లాడేవాళ్లు. నేను వాళ్లకు నీళ్లు ఇచ్చేదాన్ని. వాళ్లు వెళ్లిన మర్నాడో మూడోనాడో ఎవరో రైతు ఏడుస్తూ వచ్చేవాడు. గోటి మీద మసి పెట్టాక ఆయన ఒకసారి "బండరాళ్లు కనవడుతున్నయా?" అని అడిగేవాడు, ఇంకోసారి "ఈతచెట్లు కనవడుతున్నయా?" అనేవాడు. నాకు కనిపించేవి. రైతు వెళ్లి చూస్తే ఎడ్లు అక్కడే కట్టేసి ఉండేవి. దొంగ భయపడి పారిపోయాడని చెప్పుకునేవాళ్లు. రైతు దండం పెట్టి, ఆయనకు ఇవ్వవలసింది ఇచ్చి వెళ్లేవాడు. ముగ్గురు మళ్లీ చాయకు వచ్చేవాళ్లు. పదేళ్ల పిల్లకు ఇది అర్థం కావాలి. నాకు కాలేదు. ఎడ్లు దొరికినందుకు సంతోషపడేదాన్ని.

నా పేరు ఎంకపల్లి, సురంగల్ దాకా పాకింది. పేరు పాకిన కొద్దీ మనుషులు దూరమయ్యారు. బావి దగ్గర ఆడవాళ్లు నన్ను చూసి మాట ఆపేవాళ్లు. పిల్లలు ముఖాలకు చేతులు అడ్డం పెట్టుకునేవాళ్లు. "దాని కండ్లలకు చూడకుర్రి. మనింట్ల ముచ్చట్లన్ని చదువుతది" అని ఒకళ్లకొకళ్లు చెప్పుకునేవాళ్లు. గుళ్లో నా చుట్టూ ఒక చాప ఖాళీగా ఉండేది. మా బాపు కూడా అన్నం పెట్టించుకునేటప్పుడు కంచంలోకే చూసేవాడు. ఆయన మనసులో నాకు తెలియకూడనిది ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు.

నా ముఖం చూసే మనిషి ఒక్కడే ఉండేవాడు. మా వాడ చివర తాళ్లు పేనే ఆయన. మాకు చుట్టం కాదు గాని పెద్దబాపు అని పిలిచేదాన్ని. తాడు పేనాలంటే ఇద్దరు కావాలి. ఒకరు కొస పట్టుకుని కదలకుండా నిలబడాలి. రెండోవాళ్లు అవతలి కొస దగ్గర ఉండి జనుముకు పురి ఎక్కించాలి. ఆయన భార్యకు చేతులు వణికేవి, పట్టుకోలేకపోయేది. ఆదివారం గుడి అయ్యాక నేను వెళ్లి కొస పట్టుకునేదాన్ని. పురి సమంగా వస్తుందో లేదో తెలియాలంటే అవతలి మనిషిని చూస్తూ ఉండాలి. అందుకని ఆయన పొద్దంతా నన్ను చూస్తూ ఉండేవాడు.

"పెద్దబాపూ, నీకు భయం గాదా?" అని ఒకసారి అడిగాను.

"దేనికే?"

"నేను నీ తలకాయలకు చూస్త కదా."

"చూడు బిడ్డా, చూసి ఏమున్నదో నాకు గూడ చెప్పు. మీ పెద్దమ్మ ఏం లేదంటది."

ఇంట్లోంచి పెద్దమ్మ "జనుమున్నది, జనుము" అని అరిచింది. నేను నవ్వితే తాడు వదులైంది. ఆయన తిట్టలేదు.

ఆయన పేనిన ప్రతి తాడులో ఒక ఎర్రగుడ్డ పీలిక కలిపేవాడు. ఎద్దు మెడకు కట్టే పలుపు అయినా సరే, బావి తాడు అయినా సరే, అందులో ఎర్ర గీత మెలి తిరిగి పోతుంటుంది. ఊళ్లో ఎవరి పలుపు చూసినా ఆయనదే. పటేలు ఎడ్లకు మాత్రం పట్నం నుంచి తెచ్చిన పలుపులు, మెడలో ఇత్తడి గజ్జెల పట్టెలు.

వానాకాలం పనులు మొదలయ్యేటప్పుడు పటేలు ఎడ్లు రెండూ పోయాయి. పటేలు చేవెళ్లకు కబురు పంపి అంజనమాయనను మా ఊరికి పిలిపించాడు. పటేలు వాకిట్లో, పొద్దున ఎండలో, ఊరంతా చూస్తుండగా నన్ను చాప మీద కూర్చోబెట్టారు. దొంగ నీడ మాట చెప్పాడు. ఊడ్చేవాడు వచ్చాడు, నీళ్లు చల్లేవాడు వచ్చాడు, స్వామి వచ్చాడు.

"ఎడ్లు కనవడుతున్నయా?"

"కనవడుతున్నయి."

ఈసారి ఆయన బండరాళ్లనీ ఈతచెట్లనీ అడగలేదు. ఎందుకంటే ఆ ఎడ్లను చాయకు వచ్చే ముగ్గురూ అప్పటికే దూరపు సంతలో అమ్మేశారు. దొరకవు. అది నాకు తరువాత తెలిసింది. ఆయన ఇంకొక మాట అడిగాడు.

"మెడల ఏమున్నది?"

నాకు ఎద్దు మెడ అంటే ఒకటే తెలుసు. అంతకు ముందురోజు ఆదివారం. పొద్దంతా కొస పట్టుకుని నిలబడి వచ్చాను. గోటిలో అదే కనిపించింది.

"పలుపున్నది. ఎర్ర పీలికది."

జనం గొణిగారు. నేను తలెత్తాను. ఒక్కరు కూడా నన్ను చూడటం లేదు. వెనుక వరుసలో నిలబడ్డ పెద్దబాపును చూస్తున్నారు.

ఆయన మొదట నవ్వాడు. "ఏందిది పటేలా, నా పలుపు లేని ఎద్దు ఈ ఊర్ల ఏడున్నది?"

"నా ఎడ్లకు లేదు" అన్నాడు పటేలు. "నా పలుపులు విప్పి నీ పలుపులు ఎవడు కట్టిండు?"

"నాకేమెరుక? నా తాడు కొనుక్కపోయినోడు కట్టిండొచ్చు."

"పేనిన తాడుకల్ల ఎర్ర పీలిక కలిపెటోడివి నువ్వు. మాటలు చెప్తవా?"

పెద్దబాపు ముందుకు వచ్చాడు. నా చాప పక్కనే నిలబడ్డాడు. "పోరి అబద్ధమాడది. గా మాట నేనొప్పుకుంట. మళ్లొకసారి చూడుమనుండ్రి. మనిషిని చూడుమనుండ్రి, పలుపును కాదు. నేనీడనే ఉంట." తరువాత నాతో మెల్లగా అన్నాడు. "నిమ్మలంగ చూడు బిడ్డా."

అంజనమాయన నా గోటికి మళ్లీ మసి రాశాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. "ఎడ్లను తోలుకపోయెటాయన కనవడుతున్నడా?"

నాకు ఒక సంగతి తెలుసు. ఇప్పుడు నేను ఎవరిని అనుకుంటే వాళ్లే కనిపిస్తారు. పెద్దబాపును తప్ప ఇంకెవరినీ అనుకోలేకపోతున్నాను, ఆయన పాదాలు నా చాప అంచు మీదే ఉన్నాయి. ఇంకొకరి పేరు చెప్తే వాళ్లు పోతారు. అందుకని నాకు చేతనైన తెలివి నేను చూపించాను. ఏమీ కనిపించలేదంటే ఎవరి మీదికీ పోదు, అందరూ ఇళ్లకు పోతారు అనుకున్నాను.

"ఏం కనవడతలేదు. అంత నల్లగనే ఉన్నది."

అంజనమాయన నా చెయ్యి వదిలాడు. చాలా నెమ్మదిగా, ఎవరినీ చూడకుండా అన్నాడు. "ఎవల నీడ పడ్డదో మీరే చూసుకోండ్రి."

పెద్దబాపు నీడ నా ఒడి మీద ఉంది.

వందసార్లు విన్న మాట. ఆ ఒక్కసారి నాకు గుర్తు రాలేదు.

నేను లేచి ఏదో చెప్పబోయాను. చప్పుడులో ఎవరూ వినలేదు. పెద్దబాపు తన వాళ్ల వైపు చూడలేదు, పటేలును చూడలేదు, తనను పట్టుకున్న పటేలు జీతగాళ్లను చూడలేదు. చేతులు రెండూ ముందుకు పెట్టుకుని అరచేతులు చూసుకున్నాడు. ఆ చూపు ఏమిటో నాకు అప్పుడు తెలియలేదు. మళ్లీ నా ముఖం మాత్రం చూడలేదు.

వాళ్ల గుడిసెలో సామాను బయట పడేశారు. జనుము మోపులకు నిప్పు పెట్టారు. తెల్లారేసరికి ఊరు విడవమన్నారు. ఆ సాయంత్రం మా బాపుతో చెప్పాను.

"బాపూ, నేను పెద్దబాపును చూడలే. నాకు ఒట్టి పలుపు గుర్తొచ్చింది."

"పటేలు దగ్గర జీతమున్న. నోరు మూస్కో."

మర్నాడు పొద్దున వాళ్లు ఇద్దరూ ఒక మూటతో పట్నం దారి పట్టారు. బస్సులు లేవు. రోడ్డు మీద బండల దగ్గర కాపలా పిల్లలు ఆపి, జై తెలంగాణ అనమన్నారట. పెద్దబాపు అన్నాడట. బండల పక్క నుంచి దారి ఇచ్చారట. ఊరు వాళ్లు ఇది నవ్వుతూ చెప్పుకున్నారు.

నేను అంజనమాయన వెంట చేవెళ్లకు నడిచాను. దారిలో ఆయన నాకు బెల్లం ముక్క ఇచ్చాడు.

"మంచిగ చెప్పినవ్."

"నేను చెప్పలే. నాకు గుర్తొచ్చింది గంతే. కనవడలే."

"గుర్తొచ్చుడు వేరు, కనవడుడు వేరా?" అన్నాడు. బెల్లం తిన్నాను. అది కూడా రాయాలి, తిన్నాను.

తరువాతి సంత రోజు ముగ్గురు బేరగాళ్లు వచ్చారు. ఒకడు బీడీల కోసం సంచి అరుగు మీద గుమ్మరించాడు. అందులోంచి ఇత్తడి గజ్జెల పట్టె పడింది. పటేలు ఎద్దుది. నా చేతిలో నీళ్ల చెంబు ఉంది. వాడు పట్టెను సంచిలో వేసుకున్నాడు. అంజనమాయన నన్ను చూశాడు.

"ఏం జూసినవే?"

"ఏం జూడలే."

ఆ రోజు నుంచి నాకు గోటిలో ఏమీ కనిపించలేదు. ఊడ్చేవాడు కూడా రాలేదు. కావాలని చేసింది కాదు, నిజంగానే పోయింది. నెల చూసి నన్ను ఇంటికి పంపేశాడు. ఎదురుకాళ్లతో పుట్టిన ఇంకొక పిల్ల దొరికిందని విన్నాను. ఆ పిల్లకు వెళ్లి చెప్పాలనుకున్నాను. వెళ్లలేదు.

గజ్జెల సంగతి ఊళ్లో ఇద్దరు ముగ్గురితో అన్నాను. "అంజనంల కనవడ్డదా?" అని అడిగారు. "కాదు, కండ్లతోటి చూసిన" అంటే నమ్మలేదు. గోటిలో చూసింది నమ్మారు, కళ్లతో చూసింది నమ్మలేదు. అంజనం పోయాక కూడా మనుషులు నా ముఖం చూడలేదు. పెళ్లయి ఇంకో వాడకు వెళ్లాను. అక్కడా అంతే. పిల్లలు పుట్టాక కొంత తగ్గింది.

పెద్దబాపు మెహదీపట్నం అవతల ఒక బస్తీలో ఉన్నాడని ఒకసారి తెలిసింది. వెళ్లి చెప్పాలని ఉండేది. మా ఆయన తీసుకుపోనన్నాడు. ఒక్కదాన్నే వెళ్దామంటే బస్సు బోర్డు చదవలేను. ఎవరినైనా అడగాలంటే నోరు రాదు, చిన్నప్పటి నుంచి మనుషులను అడగడం అలవాటు లేదు. వాడలో పెద్దవాళ్లకు చదువు చెప్పే కేంద్రం పెట్టినప్పుడు అందుకే మొదటి రోజే వెళ్లి కూర్చున్నాను. పంతులమ్మ "ఏం నేర్చుకుంటవమ్మా మొదలు?" అని అడిగింది. "బస్సు బోర్డు" అన్నాను. అందరూ నవ్వారు. నేర్చుకోవడానికి ఏడాది పట్టింది.

బోర్డు చదువుకుని నేనే బస్సు ఎక్కాను. బస్తీలో అడుగుతూ అడుగుతూ మధ్యాహ్నానికి దొరికాడు. పెద్దమ్మ పోయి చాలా ఏళ్లయిందట. గోడ వారన కూర్చుని తాడు పేనుతున్నాడు. జనుము కాదు, నైలాను. ఎర్ర పీలిక లేదు. ముసలివాడయ్యాడు. నేనెవరో చెప్పాను.

"కూసో" అన్నాడు.

కూర్చుని మొత్తం చెప్పాను. పలుపు ఎందుకు కనిపించిందో, నల్లగా ఉందని ఎందుకు అన్నానో, బేరగాళ్లనూ గజ్జెలనూ అన్నీ చెప్పాను. ఆయన చేతులు ఆగలేదు. నేను ముగించాక అడిగాడు.

"అంటే నేను తోలుకపోలే?"

నన్ను దెప్పడం లేదు, నిజంగానే అడుగుతున్నాడు.

"నువ్వెందుకు తోలుకపోతవ్ పెద్దబాపూ."

"నాకు గూడ అట్లనే ఉండె మొదలు. గని పోరి అబద్ధమాడది కద. దాని గోట్ల పడ్డది, నా నీడకు నల్లగయింది. నాకు తెల్వకుంట ఏమన్న చేసిన్నా అనుకున్న. నిద్రల లేచి పోయిన్నా, ఎవలన్న చేపిచ్చిన్రా అని. మీ పెద్దమ్మ గూడ అడిగింది ఒకపారి. నిజం చెప్పు, నేనెవలకు చెప్పనన్నది." నైలాను పోగుకు ఇంకో మెలి వేశాడు. "లేదని గట్టిగ చెప్పలేకపోయిన."

"ఇరవై ఐదేండ్లు గట్లనే అనుకున్నవా?"

"ఎల్లప్పుడు గాదు. ఎద్దు కనవడ్డప్పుడు."

నేను తప్పయిందని చెప్పాను. ఆయన సరేననలేదు, కోపం కూడా చేయలేదు. "చిన్నపోరివి" అన్నాడు. తరువాత, "ముందుగాలనే వచ్చి ఉంటే మీ పెద్దమ్మ గూడ ఇనేది" అన్నాడు.

బస్సు బోర్డు సంగతి చెప్పబోయి ఊరుకున్నాను.

తాడు అవతలి కొస గోడకు కొట్టిన మేకుకు కట్టి ఉంది. నేను లేచి ఆ మేకు దగ్గరికి వెళ్లాను. ముడి మీద చెయ్యి వేశాను.

"పట్టుకోనా?"

"వద్దు బిడ్డా. మేకుకు అలవాటైంది. అది కదలది" అన్నాడు. పురి ఎక్కిస్తూనే ఉన్నాడు, తాడునే చూస్తూ.

ముడి మీది నుంచి చెయ్యి తీశాను. తరువాత రోడ్డు మీదికి వచ్చి, చేవెళ్ల బోర్డు చదువుకుని బస్సు ఎక్కాను.